మధుమేహుల గుండె నాళాల్లో పూడికలు: స్టెంటా, బైపాసా?

ఆసుపత్రి వరండాలో కూర్చున్న ఒక కుటుంబాన్ని ఊహించుకొందాం. ఇంటి పెద్దకు అరవై ఏళ్లు. పన్నెండేళ్లుగా మధుమేహానికి మాత్రలు వాడుతున్నారు. మెట్లెక్కితే ఆయాసం వస్తున్నదని వైద్యునికి చూపించుకోగా యాంజియోగ్రాం చేయించుకొమ్మన్నారు. ఆయనను లోపలికి తీసుకొనిపోయిన అరగంటకు తలుపు తెరచుకొంది. "మూడు నాళాల్లోనూ పూడికలున్నాయి. ఒప్పుకొంటే ఇప్పుడే స్టెంట్లు వేస్తాం. లేదంటే బైపాస్ శస్త్రచికిత్స చేయించుకోవాలి. ఏమంటారు?" అని అడిగారు. సంతకం చేయవలసిన కాగితం కొడుకు చేతికి వచ్చింది. అందులోని భాష ఇంగ్లీషు. తల్లి కాగితం వంక చూడనైనా చూడలేదు. "కోత లేకుండా అయిపోతుందంటే అదే మంచిది కదా నాయనా" అన్నది.

ఆ తల్లి మాట సహజమైనది. ఎవరమైనా అదే అంటాం. అయితే మధుమేహం ఉండి, ఒకటికంటె ఎక్కువ నాళాల్లో పూడికలున్నవారి విషయంలో ఆ సహజమైన మాట చాలాసార్లు సరైనది కాదని నాలుగు దశాబ్దాల వైద్య పరిశీలనలు చెబుతున్నాయి. ఎందుకు కాదో, ఎప్పుడు అవుతుందో, ఆ తలుపు దగ్గర నిలబడినప్పుడు ఏమి అడగాలో తెలుపడమే ఈ పాఠం ఉద్దేశం. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మంది మధుమేహులున్నారు. కనుక ఈ ప్రశ్న ఏ ఇంటి గడపకైనా రావచ్చు.

గుండె నాళాలు, మధుమేహం

శరీరమంతటికీ రక్తాన్ని పంపే గుండె తన కండరానికి కావలసిన రక్తాన్ని తన పైభాగాన అల్లుకొన్న సన్నని ధమనుల ద్వారా పొందుతుంది. కుడివైపు ఒక ధమని, ఎడమవైపు ఒక ప్రధాన ధమని ఉంటాయి. ఎడమ ప్రధాన ధమని రెండుగా చీలుతుంది. వాటిలో గుండె ముందుభాగం మీదుగా దిగేదానిని వైద్యులు ఎల్‌ఏడీ అంటారు. గుండె కండరంలో చాలా పెద్ద భాగానికి రక్తమందించేది ఇదే. అందువల్ల పూడిక ఎన్ని నాళాల్లో ఉందో అడిగినంత శ్రద్ధగా, ఎల్‌ఏడీలో ఉందా అని కూడా అడగాలి.

ఈ ధమనుల లోపలి గోడల్లో కొవ్వు, సున్నపు పదార్థం పేరుకొని దారి ఇరుకవడమే పూడిక. మధుమేహం లేనివారిలో ఇది తరచుగా ఒకటి రెండు చోట్ల ఏర్పడుతుంది. మధుమేహుల్లో మాత్రం నాళం పొడవునా, అనేక చోట్ల, సన్నని శాఖల దాకా వ్యాపించి ఉండడం ఎక్కువ. ఇంటి నీటిగొట్టంలో ఒకచోట రాయి అడ్డుపడడం వేరు, బోరునీటి ఉప్పు గొట్టం పొడవునా పేరుకొనడం వేరు. మొదటిదానిలో రాయి తీస్తే చాలు. రెండవదానిలో ఒకచోట శుభ్రం చేసినా పక్కనే మరొకచోట ఇరుకవుతుంది. ఈ రెండవ స్థితే మధుమేహుల గుండె నాళాలది.

మరొక చిక్కు ఉన్నది. దీర్ఘకాల మధుమేహం నరాలను మొద్దుబారుస్తుంది. అందువల్ల కొందరికి గుండెకు రక్తం చాలకున్నా ఛాతీనొప్పి రాదు. ఆయాసం, కారణం తెలియని అలసట, చెమట, పైపొట్టలో బరువు మాత్రమే కనిపించవచ్చు. "నొప్పి లేదు కాబట్టి గుండెజబ్బు లేదు" అని మధుమేహులు అనుకోరాదు.

రెండు చికిత్సలు

మొదటిది యాంజియోప్లాస్టీ. మణికట్టు లేదా తొడ మూలంలోని ధమని గుండా సన్నని గొట్టాన్ని గుండె నాళం వరకు పంపి, దాని కొనన ఉన్న బెలూనును ఉబ్బించి ఇరుకును వెడల్పు చేస్తారు. ఈ పద్ధతిని 1977లో స్విట్జర్లాండులోని జూరిచ్ నగరంలో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ మనిషి గుండె నాళంలో తొలిసారి విజయవంతంగా ప్రయోగించాడు. వెడల్పు చేసిన చోటు మళ్లీ ముడుచుకొనకుండా లోహపు జాలీని నిలిపే పద్ధతి 1986లో మొదలైంది. ఆ జాలీయే స్టెంటు. మన దేశంలో ఈ పరికరం ధర తగ్గించాలని 1990ల్లో హైదరాబాదులో హృద్రోగ నిపుణులు డాక్టర్ సోమరాజు, శాస్త్రవేత్త అబ్దుల్ కలాం కలిసి కలాం-రాజు స్టెంటును రూపొందించారు. ఇప్పుడు ఎక్కువగా వాడేవి మందుపూత స్టెంట్లు. నాళపు గోడ లోపలికి పెరిగి స్టెంటును మూసివేయకుండా ఆ మందు కొన్ని నెలలపాటు అడ్డుకొంటుంది.

రెండవది బైపాస్ శస్త్రచికిత్స. ఇందులో పూడికను ముట్టుకోరు. కాలి నుండి తీసిన సిరనో, ఛాతీ లోపలి ధమనినో తెచ్చి, పూడికకు అవతల నాళానికి అతికి, రక్తానికి కొత్త దారి వేస్తారు. ఇరుకైన వీధిని వెడల్పు చేయకుండా ఊరి వెలుపల నుండి మరొక బాట వేసినట్లన్నమాట. కాలి సిరతో చేసే ఈ శస్త్రచికిత్సను 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రెనే ఫవలోరో ఒక స్థిరమైన పద్ధతిగా నెలకొల్పాడు. మన దేశంలో తొలి విజయవంతమైన బైపాస్ 1975లో మద్రాసు పెరంబూరులోని రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం.చెరియన్ చేతిమీదుగా జరిగింది.

పరిశీలనలు ఏమి తేల్చాయి

రెండు చికిత్సల్లో ఏది మేలో తెలియాలంటే ఒకే స్థితిలో ఉన్న రోగులను చీటీ తీసినట్లు రెండు వర్గాలుగా విభజించి, ఒక్కొక్క వర్గానికి ఒక్కొక్క చికిత్స చేసి, ఏళ్ల తరబడి గమనించాలి. అటువంటి పరిశీలనల్లో మూడింటిని తెలుసుకొందాం.

మొదటిది బారి. దీని ఫలితాలు 1996లో వెలువడ్డాయి. అప్పటికి స్టెంట్లు ఇంకా విస్తారంగా రాలేదు. బెలూను చికిత్సను బైపాస్‌తో పోల్చారు. రోగులందరినీ కలిపి చూస్తే రెండింటికీ పెద్ద తేడా కనిపించలేదు. కాని మధుమేహానికి మందులు వాడుతున్నవారిని విడిగా చూసినప్పుడు, అయిదేళ్ల తరువాత బైపాస్ వర్గంలో 100 మందికి దాదాపు 81 మంది, బెలూను వర్గంలో దాదాపు 66 మంది జీవించి ఉన్నారు. మధుమేహుల గుండెజబ్బును వేరుగా ఆలోచించాలని వైద్యలోకం గ్రహించినది అప్పుడే.

స్టెంట్లు, ఆపై మందుపూత స్టెంట్లు వచ్చాక ఈ తేడా చెరిగిపోతుందని చాలామంది ఆశించారు. ఆ ఆశను పరీక్షించినది ఫ్రీడం అనే పరిశీలన. ఫలితాలు 2012లో వచ్చాయి. ఒకటికంటె ఎక్కువ నాళాల్లో పూడికలున్న 1,900 మంది మధుమేహులు ఇందులో పాల్గొన్నారు. వారిలో అత్యధికులకు మూడు నాళాల్లోనూ జబ్బు ఉంది. అయిదేళ్ల ఫలితాలను 100 మంది చొప్పున చెప్పుకొంటే ఇలా ఉన్నాయి.

మరణాలు: స్టెంటు వర్గంలో సుమారు 16, బైపాస్ వర్గంలో సుమారు 11.
గుండెపోటు: స్టెంటు వర్గంలో సుమారు 14, బైపాస్ వర్గంలో 6.
పక్షవాతం: స్టెంటు వర్గంలో 2కు పైగా, బైపాస్ వర్గంలో 5కు పైగా.

ఈ మూడు వరుసలను కలిపి చదవాలి. మొదటి రెండూ బైపాస్ వైపు, మూడవది స్టెంటు వైపు మొగ్గుతున్నాయి. మొదటి నెలలో మొత్తం మీద రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. బైపాస్ మేలు కొన్నేళ్లు గడిచాకనే స్పష్టపడింది. ఆ తరువాత కొంతమందిని ఎనిమిదేళ్ల వరకు గమనించినప్పుడు కూడా మరణాలు బైపాస్ వర్గంలోనే తక్కువగా ఉన్నాయి. స్టెంట్లు వేయించుకొన్నవారిలో 100కు దాదాపు 13 మందికి మొదటి ఏడాదిలోనే మళ్లీ స్టెంటో, బైపాసో అవసరమైంది. బైపాస్ వర్గంలో ఆ సంఖ్య 5.

ఫ్రీడంలో వాడినవి తొలితరం మందుపూత స్టెంట్లు. నేటివి వాటికంటె సన్ననివి, మెరుగైనవి. అయినా 2021లో వెలువడిన అమెరికా హృద్రోగ సంఘాల మార్గదర్శకాలు, మధుమేహంతోపాటు ఎల్‌ఏడీతో సహా పలు నాళాల్లో పూడికలుండి శస్త్రచికిత్సను తట్టుకోగలవారికి, ఛాతీ లోపలి ధమనిని ఎల్‌ఏడీకి అతికే బైపాస్‌నే గట్టిగా సూచించాయి.

ఈ తేడాకు కారణం

స్టెంటు తాను ఉన్న చోటునే కాపాడుతుంది. దానికి రెండు అంగుళాల అవతల రేపు పుట్టబోయే పూడికను ఆపలేదు. మధుమేహుల్లో పూడిక పుట్టే చోట్లు అనేకం. బైపాస్ దారి మాత్రం నాళపు కింది భాగానికి నేరుగా రక్తమందిస్తుంది. ఎగువన నేడున్న పూడికతోపాటు, తరువాత ఏర్పడబోయే పూడికల నుండి కూడా రక్షణనిస్తుంది.

ఇక ఛాతీ లోపలి ఎడమ ధమనికి ప్రకృతి ఇచ్చిన సుగుణం ఒకటున్నది. అది పూడికలకు సులభంగా లోబడదు. దానిని ఎల్‌ఏడీకి అతికితే పదేళ్ల తరువాత కూడా 100లో 90కి పైగా తెరచి ఉంటాయి. కాలి సిరలకు అంతటి మన్నిక లేదు. పదేళ్లకు వాటిలో దాదాపు సగం మూసుకొనిపోవచ్చు. కనుక "బైపాస్ చేశారు" అన్నది సగం సమాచారమే. ఎల్‌ఏడీకి ఏ నాళాన్ని అతికారన్నది మిగతా సగం.

బైపాస్ భారం, స్టెంటు సందర్భం

పై మాటలు చదివి బైపాస్‌ను తేలిక చికిత్స అనుకోరాదు. రొమ్ము ఎముకను కోసి తెరవాలి. అది అతుక్కొనేందుకు రెండు మూడు నెలలు పడుతుంది. అంతవరకు బరువులెత్తరాదు, బండి నడపరాదు. మధుమేహుల్లో ఆ గాయానికి చీము పట్టే ప్రమాదం ఇతరులకంటె ఎక్కువ. పక్షవాతం ప్రమాదాన్ని ముందే చెప్పుకొన్నాం. మూత్రపిండాలు, ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవారికి భారం మరింత. స్టెంటు వేయించుకొన్నవారు సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో ఇంటికి చేరుతారు. ఆ సౌలభ్యం చిన్నదేమీ కాదు.

స్టెంటే సరైనదయ్యే సందర్భాలు స్పష్టంగా ఉన్నాయి. వాటిలో మొదటిది గుండెపోటు. నాళం ఒక్కసారిగా మూసుకొనిపోయి కండరం చనిపోతున్నప్పుడు నిమిషాలే లెక్క. అప్పుడు ఆలోచనకు గడువు అడగరాదు. మూసుకొన్న నాళాన్ని వెంటనే తెరవనివ్వాలి. మిగిలిన నాళాల సంగతి తరువాత చర్చించుకోవచ్చు. రెండవది, ఎల్‌ఏడీ బాగుండి ఒక్క నాళంలో, ఒక్కచోట పూడిక ఉండడం. మూడవది, వయోభారం వల్లనో ఇతర జబ్బుల వల్లనో శస్త్రచికిత్సను తట్టుకొనలేని స్థితి.

ఈ రెండూ వెంటనే అవసరం లేని రోగులు కూడా ఉన్నారు. 2009లో వెలువడిన బారి-2డి పరిశీలనలో స్థిరమైన గుండెజబ్బున్న 2,368 మంది మధుమేహులు పాల్గొన్నారు. వెంటనే స్టెంటో బైపాసో చేయించుకొన్నవారిలోను, మంచి మందులతో ప్రారంభించినవారిలోను అయిదేళ్లకు జీవించి ఉన్నవారు దాదాపు సమానం, 100కు 88 మంది. అయితే జబ్బు విస్తారంగా ఉండి బైపాస్‌కు తగినవారుగా వైద్యులు ఎంచినవారిలో, ఆ శస్త్రచికిత్స చేయించుకొన్నవారికి గుండెపోటు వంటి ఆపదలు తగ్గాయి. అంటే స్థిరమైన జబ్బులో రాత్రికి రాత్రే నిర్ణయించవలసిన తొందర సాధారణంగా ఉండదు.

తలుపు దగ్గర అడగవలసిన ప్రశ్నలు

మళ్లీ ఆ వరండాకు వద్దాం. రోగికి గుండెపోటు రాలేదు. రక్తపోటు నిలకడగా ఉంది. అటువంటప్పుడు కుటుంబం అడగదగిన మొదటి మాట ఇది: "సార్, ఇది ఇప్పటికిప్పుడు చేయవలసిన అత్యవసరమా? కాకపోతే యాంజియోగ్రాం ముగించి ఆయనను బయటికి పంపండి. ఆయనతో కూర్చొని మాట్లాడి చెబుతాం." ఈ మాట అనడం అమర్యాద కాదు. బల్లమీద పడుకొని, మత్తుమందు ప్రభావంలో ఉన్న మనిషి తన గుండెను గూర్చి తాను నిర్ణయించుకొనలేడు. నిర్ణయం మొదట ఆయనది, ఆపై కుటుంబానిది.

తరువాత ఈ క్రింది ప్రశ్నలు వేయాలి.

1. పూడికలు ఎన్ని నాళాల్లో ఉన్నాయి? ఎల్‌ఏడీలో, ఎడమ ప్రధాన ధమనిలో ఉన్నాయా?
2. సింటాక్స్ స్కోరు ఎంత? పూడికలు ఎంత క్లిష్టమైనవో తెలిపే లెక్క ఇది. 22 వరకు తక్కువ, 23 నుండి 32 వరకు మధ్యమం, 33 మొదలుకొని ఎక్కువ.
3. గుండె ఎంత బలంగా పనిచేస్తున్నది? ఎకో పరీక్షలో ఏమి తేలింది?
4. హృద్రోగ నిపుణుడు, గుండె శస్త్రవైద్యుడు ఇద్దరూ కలిసి ఈ చిత్రాలను చూశారా? ఇద్దరి అభిప్రాయమూ మాకు తెలుపుతారా?
5. స్టెంట్లయితే ఎన్ని? అన్ని పూడికలకూ వేయగలరా, కొన్ని మిగిలిపోతాయా?
6. బైపాస్ అయితే ఛాతీ లోపలి ధమనిని ఎల్‌ఏడీకి వాడతారా? ఆయన మూత్రపిండాలు, ఊపిరితిత్తుల స్థితిలో ప్రమాదం ఎంత?

నాలుగవ ప్రశ్న ముఖ్యమైనది. స్టెంటు వేసేవారు ఒకరు, బైపాస్ చేసేవారు మరొకరు. ఇద్దరి మాటా వినకుండా తేల్చుకోవడం, వాది మాట మాత్రమే విని తీర్పు చెప్పడం వంటిది. యాంజియోగ్రాం చిత్రాల ప్రతిని అడిగి తీసుకొని, రెండు విభాగాలూ ఉన్న మరొక ఆసుపత్రిలో చూపించవచ్చు. బెంగళూరులో కర్ణాటక ప్రభుత్వ ఆధ్వర్యంలోని శ్రీ జయదేవ హృద్రోగ సంస్థలో రెండు చికిత్సలూ జరుగుతాయి.

భాష సంగతి కూడా చెప్పుకోవాలి. తరతరాలుగా ఇక్కడ స్థిరపడిన మన తెలుగు ఇళ్లలో కన్నడం చక్కగా మాట్లాడే పెద్దలు అనేకులున్నారు. కాని మాట్లాడడం వేరు, సమ్మతి పత్రాన్ని చదివి గ్రహించడం వేరు. తెలియని చోట "అర్థమైంది" అని తలూపకండి. చదివి వినిపించమని, తెలుగు తెలిసిన నర్సునో ఉద్యోగినో పిలిపించమని అడగండి. అర్థమైన తరువాతనే సంతకం.

ఖర్చు మరొక బెంగ. స్టెంట్ల గరిష్ఠ ధరను కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో మొదటిసారి నిర్ణయించింది. అప్పటికి మందుపూత స్టెంటు ధర 29,600 రూపాయలు. ఆ పరిమితిని తరువాత సవరిస్తూ వస్తున్నారు. కనుక బిల్లులో స్టెంటు పేరు, ధర విడిగా చూపమని కోరే హక్కు మీకున్నది. ఆయుష్మాన్ భారత్ - ఆరోగ్య కర్ణాటక పథకం కింద దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాలకు ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స లభిస్తుంది. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి రేషను కార్డు, ఆధారు చూపించండి. కేవలం ఖర్చు తక్కువని స్టెంటుకు ఒప్పుకొనేముందు, రెండోసారి, మూడోసారి స్టెంట్లు వేయించవలసి వస్తే ఎంతవుతుందో కూడా లెక్కించుకోండి.

చికిత్సకు ముందు, తరువాత

యాంజియోగ్రాంలో వాడే రంగుమందు మూత్రపిండాలకు భారం కావచ్చు. ముందుగా క్రియాటినిన్ పరీక్ష చేయించి, మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ సంగతి చెప్పాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మధుమేహపు మాత్రలను పెద్ద శస్త్రచికిత్సకు కనీసం 3 రోజుల ముందు వైద్యుని సలహాతో ఆపవలసి ఉంటుంది. రోజూ వేసుకొనే మాత్రలన్నిటినీ సంచిలో వేసి తీసుకొనిపోయి చూపించడం ఉత్తమం.

స్టెంటు వేయించుకొన్నవారు ఆస్పిరిన్‌తోపాటు క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్ వంటి రెండవ మందును వైద్యుడు చెప్పినన్ని నెలలు తప్పక వాడాలి. పన్ను పీకించుకోవాలన్నా, మరే చికిత్స కావాలన్నా హృద్రోగ వైద్యుని అడగకుండా ఆపరాదు. ఆపితే స్టెంటులో రక్తం గడ్డకట్టి ప్రాణాంతకం కావచ్చు. బైపాస్ చేయించుకొన్నవారు ఛాతీగాయం ఎర్రబడినా, నీరు కారినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయక చూపించుకోవాలి.

ఏ దారి ఎంచుకొన్నా జబ్బుకు మూలం అలాగే ఉంటుంది. స్టెంటు, బైపాస్ రక్తానికి దారి చేస్తాయే తప్ప పూడికలను పుట్టించే తత్త్వాన్ని మార్చవు. హెచ్‌బీఏ1సీ చాలామందిలో 7కు దగ్గరగా, రక్తపోటు 130/80కి లోపల, చెడు కొలెస్ట్రాల్ 55కి లోపల ఉండేట్లు చూసుకోవాలి. స్టాటిన్ మాత్ర మానరాదు. బీడీ, సిగరెట్టు, పొగాకు నమలడం పూర్తిగా విడిచిపెట్టాలి. రాగిసంగటి మంచిదని రెండు ముద్దలు ఎక్కువ తింటే చక్కెర పెరగక మానదు. ఏ ధాన్యమైనా కొలత ముఖ్యం.

ఆ తల్లి మాటకు సమాధానం ఇప్పుడు చెప్పవచ్చు. "కోత లేకపోవడం ఈ వారానికి మంచిదమ్మా. నాయన రాబోయే పదేళ్లకు ఏది మంచిదో ఇద్దరు డాక్టర్లనూ అడిగి తేల్చుకొందాం." కొడుకు ఈ ఒక్క మాట అనగలిగితే, అది బైపాస్‌కు దారితీసినా స్టెంటుకు దారితీసినా, నిర్ణయం తెలిసి చేసినదవుతుంది.